ఏక పరమాణు ఉత్ప్రేరకాలపై గణన అధ్యయనాలు : ఒక విమర్శనాత్మక పఠనం

ఈ ఖండంలో ఇంతవరకు మీరు అధిశోషణం, చర్యారేట్లు, ఉత్తేజన శక్తి గురించి చదివారు. అవి చాలావరకు స్థిరపడిన విషయాలు. ఈ భాగంలో ఇంకా స్థిరపడని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఒక ప్రసిద్ధ పరిశోధనా వ్యాసాన్ని తీసుకొని, అందులోని గణన భాగం దేన్ని నిరూపించింది, దేన్ని నిరూపించలేదు అని పరిశీలిద్దాం.

ఆ వ్యాసం 2011లో నేచర్ కెమిస్ట్రీ పత్రికలో వచ్చింది. ఐరన్ ఆక్సైడ్ మీద విడివిడిగా కూర్చున్న ప్లాటినం పరమాణువులు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేస్తాయన్నది దాని సారాంశం. చైనాలోని దాలియన్‌లో ఝాంగ్ తావో బృందం ప్రయోగాలు చేసింది. త్సింగ్‌హువా విశ్వవిద్యాలయంలోని లీ జున్ గణన భాగాన్ని చూశారు. ‘ఏక పరమాణు ఉత్ప్రేరణం’ అనే మాటకు ఇంత ప్రచారం వచ్చింది ఈ వ్యాసంతోనే.

దూరవిద్య విద్యార్థులకు ఇది ఎందుకు అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నారు. ప్రయోగశాల మీకు కాంటాక్టు తరగతుల్లో కొద్ది రోజులే దొరుకుతుంది. రేపు పరిశోధన చేయాలనుకుంటే, ఖరీదైన పరికరాలు లేకుండా మీరు అడుగుపెట్టగల కొద్ది దారుల్లో గణన రసాయనశాస్త్రం ఒకటి. క్వాంటమ్ ఎస్ప్రెస్సో వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దారి తెరిచి ఉంది కాబట్టే, ఆ దారిలో ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలియాలి. లెక్క చేయడం నేర్పేవారు చాలామంది ఉన్నారు. లెక్కను నమ్మవచ్చా అని అడగడం నేర్పేవారు తక్కువ.

చర్య చిన్నదే, చరిత్ర పెద్దది

రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసి రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులవుతాయి. ఒక మోల్ కార్బన్ మోనాక్సైడ్‌కు 283 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అంటే ఉష్ణగతికంగా చర్య జరగడానికి ఏ అడ్డూ లేదు. అయినా ఈ రెండు వాయువులనూ గది ఉష్ణోగ్రత వద్ద ఒక సీసాలో కలిపి ఉంచితే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవారు ప్రాణాలు కోల్పోవడం వార్తల్లో చూస్తూనే ఉంటాం. గదిలో మిగిలి ఉన్న ఆక్సిజన్ ఆ విషవాయువును దానంతటదిగా మార్చేయలేదు. మధ్యవర్తి కావాలి. కార్ల పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పరికరంలో ప్లాటినం, పల్లాడియం, రోడియం చేసేది ఆ మధ్యవర్తిత్వమే.

ప్లాటినం మీద ఈ చర్యను లాంగ్‌మ్యూర్ 1922లోనే అధ్యయనం చేశాడు. కార్బన్ మోనాక్సైడ్ పీడనం పెరిగితే చర్యారేటు తగ్గుతుందని గమనించాడు. చర్యలో పాల్గొనే పదార్థమే చర్యను అడ్డుకుంటోంది! ఎందుకంటే అది లోహతలాన్నంతా ఆక్రమించి కూర్చుంటుంది. ఆక్సిజన్ దిగడానికి చోటు మిగలదు. బస్సు మెట్ల మీదే నిలబడిపోయిన ప్రయాణికుల వంటి పరిస్థితి ఇది. తర్వాతి దశాబ్దాల్లో గెర్హార్డ్ ఎర్ట్‌ల్ ఇటువంటి చర్యల అంచెలను ఒక్కొక్కటిగా విడదీసి చూపి 2007లో నోబెల్ బహుమతి పొందాడు. 1987లో జపాన్‌లో హరుతా బృందం, జడలోహమని అందరూ పక్కన పెట్టిన బంగారం కూడా నానో కణాలుగా ఉంటే సున్నా డిగ్రీల కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రత వద్దే ఈ చర్యను నడిపిస్తుందని చూపింది. లోహం ఏదన్నది ఒక్కటే కాదు, ఎంత చిన్న ముక్కగా ఉందన్నదీ ముఖ్యమే అని అప్పుడు అర్థమైంది.

చిన్నది చేస్తూ పోతే చివరికి మిగిలేది ఒకే పరమాణువు. ఐదు నానోమీటర్ల ప్లాటినం కణంలో ఉపరితలం మీద ఉండేది సుమారు ఐదో వంతు పరమాణువులే. మిగతావి లోపల పడి ఉంటాయి, ఏ వాయువునూ చూడవు. పరమాణువులను విడివిడిగా పరిస్తే ప్రతి ఒక్కటీ పనిలో ఉంటుంది. ప్లాటినం ధర తెలిసినవారికి ఈ ఆలోచనలోని ఆకర్షణ వేరే చెప్పనక్కరలేదు.

2011 వ్యాసం ఏం చేసింది?

వారి ముఖ్య నమూనాలో ప్లాటినం బరువు ప్రకారం 0.17 శాతం మాత్రమే. మీరే లెక్క వేసి చూడండి: ఆధారం ఫెర్రిక్ ఆక్సైడ్ అనుకుంటే, దాదాపు 1,430 ఇనుము పరమాణువులకు ఒక ప్లాటినం పరమాణువు. పోలిక కోసం 2.5 శాతం ప్లాటినం ఉన్న మరో నమూనా తయారు చేశారు. అందులో పరమాణువులతో పాటు గుంపులు కూడా ఉన్నాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మొదటి నమూనాలోని ప్లాటినం పరమాణువులు విడివిడి తెల్లని చుక్కలుగా, సరిగ్గా ఇనుము పరమాణువులు ఉండవలసిన చోట్ల కనిపించాయి. ఎక్స్-కిరణాల శోషణ వర్ణపటంలో ప్లాటినం-ప్లాటినం బంధం జాడ లేదు. ప్రతి ప్లాటినం పరమాణువుకూ లెక్కగడితే మొదటి నమూనా రెండోదానికంటే రెండు మూడు రెట్లు చురుకుగా పనిచేసింది.

ప్రయోగ భాగం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ కాలానికి అది చాలా గట్టి పని. పరమాణువులు ఒంటరిగా ఉన్నాయనడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్ష్యాలు చూపారు. నా విమర్శ దాని మీద కాదు.

ఇక గణన భాగం. హెమటైట్ స్ఫటికపు (001) తలాన్ని నమూనాగా తీసుకున్నారు. దాని పైపొర ఆక్సిజన్. ప్లాటినం మూడు ఆక్సిజన్ల నడుమ కూర్చుంటుంది. దాని పక్కన ఒక ఆక్సిజన్ ఖాళీ ఉంటుంది. ఆక్సిజన్ అణువు ఆ ఖాళీలో దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినం మీద దిగుతుంది. రెండూ కలిసి మొదటి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. మిగిలిన ఆక్సిజన్ పరమాణువు ఖాళీని పూడుస్తుంది. రెండో కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆ ఆక్సిజన్‌ను తీసుకుపోగానే మళ్లీ ఖాళీ ఏర్పడుతుంది. చక్రం పూర్తయింది. ప్లాటినం మీద ధనావేశం ఉండటం వల్ల, దాని 5డి ఆర్బిటాళ్లు కొంత ఖాళీగా ఉండటం వల్ల కార్బన్ మోనాక్సైడ్ మరీ గట్టిగా అంటుకోదనీ, అందుకే ఉత్తేజన శక్తులు తగ్గాయనీ వారి వివరణ.

లాంగ్‌మ్యూర్ చూపిన చిక్కు గుర్తుందా? మెట్ల మీద నిలబడిపోయే ప్రయాణికులు. ఈ వివరణ ఆ చిక్కుకే సమాధానం చెబుతోంది: ఇక్కడ ప్రయాణికుడు మెట్ల మీద ఎక్కువసేపు నిలబడడు, పైగా ఆక్సిజన్‌కు వేరే ద్వారం ఉంది. అందమైన వివరణ. నిజం కూడా కావచ్చు. కానీ అందంగా ఉండటం వేరు, నిరూపణ కావడం వేరు.

బొమ్మలోని తలం, గొట్టంలోని పొడి

మొదటి ప్రశ్న: లెక్కలోని తలం, చర్యాగొట్టంలోని తలం ఒకటేనా? అసలు ఉత్ప్రేరకాన్ని ద్రావణం నుంచి అవక్షేపంగా తయారు చేసి, వేడి చేసి, చర్యకు ముందు హైడ్రోజన్‌లో 200 డిగ్రీల వద్ద క్షయకరణం చేశారు. అలా వచ్చిన పొడిని వారే కచ్చితమైన సూత్రం లేకుండా ఐరన్ ఆక్సైడ్ అని మాత్రమే రాశారు; ఇనుము ఆక్సిజన్ల నిష్పత్తిని తెరిచి ఉంచారు. అది నిజాయితీ. లెక్కకు మాత్రం తెరిచి ఉంచడం చేతకాదు. కంప్యూటర్‌కు ప్రతి పరమాణువు చిరునామా ఇవ్వాలి. కాబట్టి చక్కగా అమర్చిన ఒక స్ఫటిక తలాన్ని ఎంచుకున్నారు. హైడ్రోజన్‌తో క్షయకరణం చేసిన ఆక్సైడ్ మీద హైడ్రాక్సిల్ సమూహాలు, నీటి అణువులు ఉండటం సహజం. నీటి జాడ ఈ చర్యారేటును మార్చగలదని చాలా ఉత్ప్రేరకాల విషయంలో తెలుసు. ఆ చక్రంలో వాటికి చోటు లేదు.

పెళ్లి సంబంధాలకు పంపే ఫోటో అబద్ధం కాదు. మనిషి అతడే. కానీ మంచి వెలుతురులో, మంచి బట్టల్లో, ఒక క్షణంలో తీసింది. ఉత్ప్రేరకపు నమూనా బొమ్మను కూడా మీరు అలాగే చూడాలి.

0.2 ఎలక్ట్రాన్ వోల్టుల విలువెంత?

రెండో ప్రశ్న అంకెల గురించి. ఈ లెక్కలన్నిటికీ ఆధారం 1964, 1965 సంవత్సరాల్లో హోహెన్‌బర్గ్, కోన్, షామ్ వేసిన డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం. వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ వచ్చింది. సిద్ధాంతం కచ్చితమైనదే. అయితే అందులోని ఒక పదం అసలు రూపం ఎవరికీ తెలియదు; దాని స్థానంలో అంచనా సూత్రాలు వాడతాం. అలా వాడే సాధారణ సూత్రాలతో ఉత్తేజన శక్తిలో 0.2 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా రావడం ఆశ్చర్యమేమీ కాదు. మోల్‌కు సుమారు 19 కిలోజౌళ్లు.

ఇది చిన్నదేనా? లెక్క వేద్దాం. గుండ్రంగా ఉత్తేజన శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకోండి. ఉష్ణోగ్రత 300 కెల్విన్. బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణిస్తే 0.0259 ఎలక్ట్రాన్ వోల్టులు. పరివర్తన స్థితి సిద్ధాంతం ప్రకారం ముందు ఉండే గుణకం సెకనుకు దాదాపు 6 లక్షల కోట్లు. ఎంట్రోపీ మార్పును పక్కన పెట్టి ఘాతాంకం వేస్తే, ఒక్కో ప్లాటినం పరమాణువు మీద నాలుగు సెకన్లకు పైగా సమయానికి ఒక చర్య జరుగుతుంది. ఇప్పుడు అదే ఉత్తేజన శక్తి నిజానికి 0.6 అయితే? సెకనుకు ఐదు వందలకు పైగా చర్యలు. అది 1.0 అయితే? రెండు ముప్పావు గంటలకు ఒకటి. ఒకవైపు సెకనుకు ఐదు వందలు, మరోవైపు మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం టీ దాకా ఒక్కటి. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా! ఈ తేడా అంతా సిద్ధాంతపు మామూలు పొరపాటు పరిధిలోనే ఉంది. మీ కాలిక్యులేటర్‌తో ఈ మూడు అంకెలనూ స్వయంగా సరిచూడండి. నా మాట మీద నమ్మవద్దు.

రెండు ప్రయోగ నమూనాల మధ్య తేడా రెండు మూడు రెట్లేనని పైన చదివారు. 300 కెల్విన్ వద్ద మూడు రెట్ల తేడాకు కావలసింది 0.03 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ. అంత సన్నని తేడాను ఈ పద్ధతి చూడగలదని ఎవరూ చెప్పలేరు. కాబట్టి ‘ఒంటరి పరమాణువు గుంపుకంటే ఎందుకు మెరుగు’ అన్నదానికి ఉత్తేజన శక్తి అంకె ఒక్కటే జవాబు కాజాలదు. నా ప్రధాన అభ్యంతరం ఇదే.

ఇంకా కొన్ని లెక్కలోనే దాక్కున్న చిక్కులు. ఆక్సిజన్ అణువు బంధశక్తి ప్రయోగంలో 5.2 ఎలక్ట్రాన్ వోల్టులు. బాగా వాడుకలో ఉన్న 1996 నాటి పెర్డ్యూ, బర్క్, ఎర్న్‌జర్‌హోఫ్ సూత్రం దానిని 6.2 దాకా చూపిస్తుంది. ఐరన్ ఆక్సైడ్‌లోని 3డి ఎలక్ట్రాన్లను ఇటువంటి సూత్రాలు సరిగ్గా పట్టుకోలేవు కాబట్టి ‘హబ్బర్డ్ యు’ అనే దిద్దుబాటు కలుపుతారు. దాని విలువను పరిశోధకుడే ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని బట్టి ఆక్సిజన్ ఖాళీ ఏర్పడే శక్తి మారుతుంది. మన చక్రమంతా ఆ ఖాళీ మీదే నడుస్తోందని మరవకండి. ఇక ఎంట్రోపీ: వాయుస్థితిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు 300 కెల్విన్ వద్ద ఎంట్రోపీ రూపంలో మోసే శక్తి సుమారు 0.6 ఎలక్ట్రాన్ వోల్టులు. తలానికి అంటుకున్నప్పుడు అందులో చాలా భాగం పోతుంది. ఎంట్రోపీని కలపకుండా అధిశోషణ శక్తిని మాత్రమే ఇచ్చే వ్యాసం మీకు సగం ఖాతానే చూపిస్తోంది.

ఈ చర్చలో నాకు బాగా నచ్చిన హెచ్చరిక 2001 నాటిది. పీటర్ ఫీబెల్మన్, హామర్, నోర్స్కోవ్, షెఫ్లర్ తదితరులు కలిసి ఒక వ్యాసం రాశారు. శుద్ధమైన ప్లాటినం (111) తలం మీద కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడ కూర్చుంటుంది? ఒక ప్లాటినం పరమాణువు నెత్తిన అని ప్రయోగాలు ఎప్పుడో తేల్చాయి. లెక్కలు మాత్రం మూడు పరమాణువుల నడుమ గుంటలో అని చెబుతూ వచ్చాయి. ఎవరి ప్రోగ్రాంలోనో తప్పు కాదు. ఎంత జాగ్రత్తగా చేసినా అదే సమాధానం. ఆ రంగంలోని పెద్దలే కూర్చొని, మన పద్ధతికి ఇక్కడ చూపు ఆనడం లేదని అచ్చులో ఒప్పుకున్నారు. అదే లోహం, అదే వాయువు. మనం మాట్లాడుతున్న జంటే.

ఒంటరి పరమాణువు ఒకటే రకమా?

ఇప్పుడు అసలు తగవు దగ్గరకు వద్దాం. 2015లో సైన్స్ పత్రికలో డింగ్, పీటర్ స్టేర్ తదితరుల వ్యాసం వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ అణువు ప్లాటినం కణానికి అంటుకుంటే ఒక పౌనఃపున్యం వద్ద, ఒంటరి పరమాణువుకు అంటుకుంటే మరో పౌనఃపున్యం వద్ద పరారుణ కిరణాలను శోషిస్తుంది. ఆ రెండు పట్టీల్లో చర్య జరిగేటప్పుడు ఏది కరిగిపోతుందో చూశారు. తక్కువ ఉష్ణోగ్రతల వద్ద కణాల మీది పట్టీయే తగ్గింది. ఒంటరి పరమాణువుల మీది పట్టీ కదలలేదు. ఒంటరి పరమాణువులు కేవలం ప్రేక్షకులని వారు తేల్చారు. కారణాల్లో ఒకటిగా వారు చూపినది ఏమిటో గమనించండి: కార్బన్ మోనాక్సైడ్ వాటికి మరీ గట్టిగా అంటుకోవడం. 2011 వ్యాసం చెప్పినదానికి ఇది సరిగ్గా ఎదురు.

ఎవరిది ఒప్పు? పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ‘ఇద్దరిదీ’ అని రాసి సరిపెట్టుకునే విద్యార్థిని నేను మెచ్చను, ఎందుకో రాయాలి. ఆధారాలు వేరు, తయారీ వేరు. ఒంటరి పరమాణువుకు తన లోహంలోని పొరుగువారు లేరు కాబట్టి, దాని గుణమంతా దాని కింద ఉన్న ఆక్సిజన్లు నిర్ణయిస్తాయి. ఎన్ని ఆక్సిజన్లు, ఏ దూరంలో, ఏ ఆవేశంతో అన్నది మారితే అది రసాయనికంగా వేరే జాతి. ‘ఏక పరమాణు ప్లాటినం’ అనే ఒకే పేరు కింద ఎన్నో రకాలను కలిపేశాం. అలా కలిపేయడానికి 2011 వ్యాసం తర్వాతి ఉత్సాహమే చాలావరకు కారణం.

2019లో నేచర్ మెటీరియల్స్‌లో డెరీటా తదితరుల వ్యాసం దీనికి సాక్ష్యం ఇచ్చింది. టైటానియం డయాక్సైడ్ మీద ప్లాటినం పరమాణువులను, ఒక్కో ఆధార కణానికి ఒక్క పరమాణువు చొప్పున ఉండేలా, చాలా పలచగా పరిచారు. ఆక్సిజన్‌లో వేడి చేస్తే ఒక చోట, హైడ్రోజన్‌లో వేడి చేస్తే మరో చోట సర్దుకున్నాయి. చోటు మారగానే కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకునే తీరూ, చర్యారేటూ మారాయి. పరమాణువు అదే, ఆధారం అదే. ఇక్కడ గణన చేసిన పని నాకు నచ్చింది. ఒకే బొమ్మ గీసి దానికే కట్టుబడకుండా, అనేక సాధ్యమైన స్థానాలను లెక్కగట్టి, వాటిని వర్ణపటాలతో పోల్చి, సరిపోనివాటిని తోసేశారు.

సీరియం ఆక్సైడ్ కథ మరొకటి. 2016లో దాత్యే బృందం గాలిలో 800 డిగ్రీల వద్ద కూడా ప్లాటినం పరమాణువులు గుమిగూడకుండా సీరియా పట్టి ఉంచుతుందని చూపింది. అంత గట్టిగా పట్టి ఉంచిన పరమాణువు పనికి బద్ధకించింది. మరుసటి సంవత్సరం 750 డిగ్రీల నీటి ఆవిరితో శుద్ధి చేశాకగాని తక్కువ ఉష్ణోగ్రతల వద్ద చురుకుదనం రాలేదు. కదలని పరమాణువు కావాలి, పని చేసే పరమాణువూ కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతుంటాయి.

అన్నిటికంటే ఆలోచింపజేసేది వియన్నాలో గ్యారెత్ పార్కిన్సన్ బృందం పని. మాగ్నటైట్ తలం మీద పల్లాడియం పరమాణువులను ఒంటరిగా ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదిలారు. వాయువు అంటుకోగానే పరమాణువు తలం నుంచి పైకి లేచి జరగడం మొదలుపెట్టింది; రెండు మూడు కలిసి గుంపులయ్యాయి. 2013 నాటి ఈ పరిశీలనలో ఉత్ప్రేరకాన్ని చెదరగొట్టింది చర్యలో పాల్గొనే పదార్థమే. కదలకుండా నిలబెట్టిన పరమాణువు మీద చక్రం గీసే లెక్కకు ఇది ఎన్నటికీ కనిపించదు, ఎవరో పనిగట్టుకొని అడిగితే తప్ప. అదే బృందం 2021లో అదే తలం మీద అనేక లోహాల ఒంటరి పరమాణువులను తీసుకొని కార్బన్ మోనాక్సైడ్ అధిశోషణ శక్తిని ప్రయోగంలో కొలిచి, లెక్కతో పక్కపక్కన పెట్టింది. పరమాణువు మీది ఆవేశంతో పాటు, వాయువు అంటుకున్నప్పుడు పరమాణువు తన చోట ఎంత సర్దుకుంటుందన్నది కూడా ఆ శక్తిని నిర్ణయిస్తుందని తేలింది. అక్కడ తలం నిర్మాణం ముందే తెలుసు. అందుకే లెక్క తప్పితే తప్పిందని తెలిసే వీలుంది. గణనకు ఇవ్వవలసిన గౌరవం ఇదే అని నా అభిప్రాయం: తప్పని రుజువయ్యే అవకాశం ఇవ్వడం.

2011 వ్యాసానికి ఆ అవకాశం అంతగా లేదు. ఫలితం ముందే చేతిలో ఉంది. లెక్క దానికి వివరణ ఇచ్చింది. వ్యాస సారాంశంలో లెక్కలు ‘చూపుతున్నాయి’ అన్న చోట మీరు ‘ఫలితంతో పొసగుతున్నాయి’ అని చదువుకోండి. అప్పుడు ఆ వ్యాసంలో నాకు అభ్యంతరం పెట్టవలసింది పెద్దగా మిగలదు.

దాని వెనుక వచ్చిన వరద గురించి మాత్రం అలా అనలేను. గ్రాఫీన్ పలకలో ఒక రంధ్రం చేయడం, అందులో ఒక లోహ పరమాణువును పెట్టడం, కార్బన్ మోనాక్సైడ్ చక్రాన్ని లెక్కగట్టడం, ‘ఇది ఆశాజనకమైన ఉత్ప్రేరకం’ అని ముగించడం. తర్వాతి వ్యాసంలో లోహం మారుతుంది. ఆ తర్వాత పలక మారుతుంది. ఆ పరమాణువు ఆ రంధ్రంలో నిలుస్తుందా, దాన్ని ఎవరైనా తయారు చేయగలరా, గాలిలోని నీటి ఆవిరి ముందు అది ఏమవుతుంది అనే ప్రశ్నలు చాలాసార్లు ఉండవు. ప్రయోగశాల లేని చోట్ల నుంచి ఇవి ఎక్కువగా రావడం నాకు అర్థమవుతుంది. నిధులు లేని కళాశాలల్లో పనిచేసే అధ్యాపకుల మీద జాలి కూడా ఉంది. కానీ ప్రయోగశాల లేకపోవడం వల్ల మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. తప్పును దిద్దడానికి పక్క గదిలో ప్రయోగం చేసేవారు లేరు కదా.

మీ అసైన్‌మెంటుకు ఈ రంగంలో మీకు నచ్చిన ఏదైనా గణన వ్యాసం తీసుకోండి. తలాన్ని ఎందుకు అలా ఎంచుకున్నారో అందులో ఎక్కడ చెప్పారో వెతకండి. ‘హబ్బర్డ్ యు’ విలువను మార్చి చూశారా, ఎంట్రోపీని కలిపారా, పరమాణువు చోటు మారే అవకాశాన్ని పరిశీలించారా చూడండి. వ్యాసంలోని అత్యధిక ఉత్తేజన శక్తికి 0.2 కలిపి ఒకసారి, తీసివేసి ఒకసారి చర్యారేటు వేయండి. రెండు సందర్భాల్లోనూ రచయితల ముగింపు వాక్యం నిలుస్తుందో లేదో మూడు పేజీలకు మించకుండా రాసి పంపండి.